గ్రాండంటే ఏటి?

ఈ ఉదయం నా గదిలోకి మనిషి కంటే ముందు నొప్పుల నూనె వాసన వచ్చింది. వెనకే మోకాలు పట్టుకుని నాతవరం నుంచి ఓ ముసలమ్మ. ఎలా ఉందని అడిగితే "పర్లేదమ్మా" అంది. ఆ మాట వినగానే స్టూలు దగ్గరికి లాక్కున్నాను. అది సత్యవతి మేడమ్ నాకు అంటించిన అలవాటు.

అనకాపల్లిలో మాకు ఫిజియోథెరపీ నేర్పింది ఆవిడే. పెద్ద జబ్బుల కంటే చిన్న మాటల మీద ఆవిడకు ఆరా ఎక్కువ. పక్షవాతం వచ్చిన రోలుగుంట చెరకు రైతు ఒకాయన చెయ్యి పైకి లేపుతున్నాడని మేం సంబరపడుతుంటే, ఆయన మాత్రం "పర్లేదు" అని ఊరుకున్నాడు. మేడమ్ స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"పర్లేదంటే ఏటి మావయ్యా?"

ఆయన గొంతు తగ్గించాడు. "లుంగీ ముడి పడతన్లేదమ్మా. కోడలి ముందర జారిపోద్దేమోనని మంచం దిగతన్లేదు."

మర్నాటి నుంచి ఆయనకు వ్యాయామమంటే లుంగీ కట్టుకోవడమే. ముడి బిగిసిన రోజు వార్డంతా ఓ చుట్టు తిరిగొచ్చాడు.

చివరి ఏడాది నన్ను ఒక సెమిస్టర్ చదువుకు ఐర్లండ్ పంపారు. భయపడుతూ వెళ్తే మేడమ్ ధైర్యం చెప్పలేదు, పని చెప్పారు. "మన పర్లేదుకి ఆళ్ల దగ్గర ఏ మాటుందో కనుక్కుని రా."

అక్కడి ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగి ఆపరేషనైన పెద్దావిడను నాకు అప్పగించారు. మర్నాడు ఇంటికి పంపాలి. ఎలా ఉన్నారంటే "గ్రాండ్" అంది. మనకు గ్రాండంటే పెళ్లి పందిరి, లైట్లు, బ్యాండు మేళం. ఎంత గుండె నిబ్బరమో అని మురిసిపోయి మా సూపర్‌వైజర్‌కు చెప్పాను. ఆమె నవ్వింది. "ఇక్కడ కాలు విరిగినా గ్రాండే అంటారు."

అంటే అది మన పర్లేదే. వెనక్కి వెళ్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని, గ్రాండ్ అంటే ఏమిటని అడిగాను. పెద్దావిడ దుప్పటి అంచు సర్దుకుంది.

"పెరటి మెట్టు మీదే పడ్డాను. ఇంటికెళ్లాక ఇక గడప దాటకూడదనుకుంటున్నాను."

ఇంటికి పంపడం వాయిదా వేయించి, ఆ మెట్టంత ఎత్తున్న చెక్క మీద ఆమెకు భయం తీరేదాకా ఎక్కడం, దిగడం నేర్పించాం. తిరిగొచ్చి ఇదంతా చెప్తే మేడమ్ పడీపడీ నవ్వారు. ఆ రోజంతా కనబడిన వాళ్లందరికీ గ్రాండ్ అనే జవాబు చెప్పారు.

నిరుడు ఆవిడకే పెద్ద ఆపరేషను పడింది. ముందురోజు సాయంత్రం చూడ్డానికి వెళ్లాను.

"ఎలా ఉన్నారు మేడమ్?"

"గ్రాండ్."

నవ్వబోయి ఆగిపోయాను. స్టూలు లాక్కున్నాను. "గ్రాండంటే ఏటి మేడమ్?"

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "బయమేత్తందే," అన్నారు.

చీకటి పడేదాకా ఆ చెయ్యి వదల్లేదు నేను. మేడమ్ ఆ ఆపరేషను నుంచి లేవలేదు. ఆ సాయంత్రం ఆ మాట అడగగలిగానన్న తృప్తి ఒక్కటే నాకు మిగిలింది.

నాతవరం ముసలమ్మ ఇంకా నా మొహంలోకి చూస్తోంది. నాకు తొందరేం లేదు.

"పర్లేదంటే ఏటమ్మా?"