ఊకలో ఈక లేదు

పర్సుడీహ్ అనే ఊళ్లో మా నాన్న బ్రాయిలర్ కోళ్లు పెంచేవాడు. ఒక వేసవిలో, ఈకలు రావడానికి మేతలో కలిపే మెథియోనిన్ పొడి అయిపోయింది.

"సోయాలో కొంత ఉంటాది, సరిపోద్దిలే" అని నాన్న మొక్కజొన్న, సోయా మాత్రమే పెట్టాడు.

రెండు వారాలకు, షెడ్డులో పరిచిన ఊక తిరగేస్తూ అమ్మ ఆగిపోయింది.

"ఇదేటి, కింద ఒక్క ఈకైనా లేదు?"

కోళ్ల వీపులు బోడిగా, రక్తమోడుతూ ఎర్రగా ఉన్నాయి. చచ్చిన ఒక కోడిని నాన్న కోసి చూశాడు. పొట్ట నిండా ఈకలే. ఆయన బిష్టుపూర్ బజారు దాకా వెళ్లి ఆ పొడి తెచ్చి కలిపాడు. అయినా రక్తం రుచి మరిగిన కోళ్లు, తొట్టి నిండా మేత ఉండగానే ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. తలుపు తీస్తే అన్నీ ఆగి మా చేతులకేసి చూసేవి.

మిగిలినవాటిని నాన్న పూర్తిగా ఎదగకముందే అమ్మేశాడు. వాటిలో ఒక్కదాన్నీ అమ్మ ఇంట్లో వండలేదు.