రెండూ రానివాళ్ళు

రేపటికి కోపం చల్లారిపోతుంది, అందుకే ఇప్పుడే ఈ పోస్టు రాస్తున్నాను.

ఈ రోజు తిరువళ్ళూరులో కోచింగ్ పరీక్ష. అందులో ఒక ప్రశ్న: ఒక ఊళ్ళో వందమంది. డెబ్భై మందికి తమిళం, అరవై మందికి తెలుగు వచ్చు. రెండూ ఎందరికి వచ్చో చెప్పడానికి ఈ సమాచారం చాలునా? "చాలు, ముప్పై" అని రాశాను. రెండూ రానివాళ్ళ సంఖ్య ఇవ్వలేదని సారు కొట్టేశారు. ఆ ఒక్క మార్కుతో ఉచిత బ్యాచ్‌లో సీటు పోయింది.

తిరుత్తణి చేరి, మగ్గం మీదున్న అమ్మకు చెప్పాను.

"రెండూ రానోడు మనూర్లో యాడుండాడే?"

"మా సారే ఉండాడు మా. మలయాళమాయన, పాఠమంతా ఇంగ్లీషులోనే."

"ఆయప్ప ఉండేది తిరువళ్ళూరులో గదా! మనూరి లెక్కలో ఎందుకు దూరినాడు?"

శనివారం దాకా అభ్యంతరాలు తీసుకుంటారట. అమ్మ వాదన పెట్టనా? శుక్రవారంలోగా తెలుగులోనో తమిళంలోనో చెప్పండి. రెండూ రానివాళ్ళు చెప్పనక్కర్లేదు.