గళ్ల బొమ్మ ముందు నల్ల ఫోల్డర్

మా అమ్మాయి హారికకు తొమ్మిదేళ్లు. స్కూల్లో ఆర్ట్ ప్రాజెక్టుకి ఒక హాలండ్ చిత్రకారుణ్ణి ఎంచుకుంది. మొదట్లో చెట్లూ గాలిమరలూ వేసినాయన, రానురాను అన్నీ వదిలేసి నల్ల గీతలు, ఎరుపు, పసుపు, నీలం గళ్ల దగ్గర ఆగిపోయాడు. ఆ బొమ్మలు న్యూయార్క్‌లో ఉన్నాయట, చూడాల్సిందేనంది. మావారి వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలేదు. వాట్సాప్ గ్రూపులో రోజుకో కథ, ఎవరినో దారిలో ఆపి కాగితాలు అడిగారని. ఇల్లు దాటాలంటేనే నాకు భయం. అందుకే ముగ్గురి పాస్‌పోర్టులూ, ఒరిజినల్ కాగితాలూ నల్ల ఫోల్డర్‌లో సర్దుకున్నాను. ఆయనకి ఆఫీసు పని ఉండటంతో మేమిద్దరమే బయల్దేరాం.

న్యూజెర్సీలో మా ప్లెయిన్స్‌బరో నుంచి ప్రిన్స్‌టన్ జంక్షన్‌ స్టేషన్‌కి పది నిమిషాల డ్రైవ్. అక్కణ్ణుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి రైల్లో గంటంబావు. టికెట్ ఇరవై డాలర్ల లోపే. యూనిఫాంలో కండక్టర్ వస్తుంటే, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఫోల్డర్ తడుముకున్నాను. మ్యూజియంలో పెద్దవాళ్లకి ముప్పై డాలర్లు, పిల్లలకి ఉచితం. బ్యాక్‌ప్యాక్ కౌంటర్‌లో ఇచ్చేయమన్నారు. ఫోల్డర్ మాత్రం తీసి చంకలో పెట్టుకున్నాను.

ఆ గళ్ల బొమ్మ ఎదుట బెంచీ ఉంది. గార్డు పెద్దాయన, మాటకారి. యుద్ధంలో బాంబులకి భయపడి, డెబ్బై దగ్గరపడ్డాక ఆ చిత్రకారుడు సముద్రం దాటి ఈ ఊరొచ్చాడని చెప్పాడు. ముందు రంగు టేపులు అంటించి చూసేవాడట, నచ్చకపోతే పీకి పక్కకి జరపొచ్చని. వింటూ వింటూ ఫోల్డర్ బెంచీ మీద పెట్టి, రంగులో పగుళ్లు చూడ్డానికి దగ్గరకెళ్లాను. వెనక్కి తిరిగేసరికి బెంచీ ఖాళీ. ఫోల్డర్ లేదు, హారికా లేదు. ముందు బెంచీ కింద వంగి చూశాను, ఫోల్డర్ కోసం. రాయడానికి సిగ్గుగా ఉంది.

గార్డు పక్క గది చూపించాడు. మూలన గోడకి ఆనుకుని కూర్చుంది హారిక, ఫోల్డర్‌ని రెండు చేతులతో పొదువుకుని.

"అమ్మా, నువ్వు బెంచ్ మీద లీవ్ చేసేశావు. ఎవరైనా తీసుకుంటారని ఇక్కడికి తెచ్చా."

బొమ్మ చూశావా అని అడిగాను.

"లేదు. ఇది హోల్డ్ చేయాలి కదా."

ఫోల్డర్ తీసుకుని హారికని బొమ్మ ముందుకి నడిపించాను. దాని కళ్లు మాత్రం నా చంక మీదే. నా భయం నాతోనే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ చిత్రకారుడూ భయపడే వచ్చాడు, కానీ వచ్చాక బొమ్మలు వేశాడు. నా కూతురు బొమ్మ చూడ్డానికొచ్చి కాగితాలకి కాపలా కాసింది.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, చిన్నది తీసుకెళ్లండి. పిల్లల చేతులు ఖాళీగా ఉండేలా చూసుకోండి.