బుజ్జిగాడి గిటారు పట్టీ

నలభై దాటినా, నెత్తిన జుట్టు సగం ఊడినా, టైలరమ్మకు తమ్ముడు ఇంకా బుజ్జిగాడే. పాటల ట్రూపులో గిటారు వాయిస్తాడు. వాయించడమంటే, ఇన్నేళ్లూ గాయకుల వెనక, డ్రమ్ముల పక్కన, కుర్చీలో కూర్చునే. జనానికి అతని ముఖం సరిగా కనబడేది కాదు. ఆ చాటు అతనికి హాయిగానే ఉండేది.

ఇప్పుడు ముందు నిలబడి వాయించేవాడు మానేశాడు. "ఈ శనివారం నువ్వు ముందుకు రా. బాగుంటే ఆ చోటు నీది. లేదంటే బయటివాణ్ని చూసుకుంటా" అని ట్రూపు యజమాని తేల్చి చెప్పాడు. నిలబడాలంటే గిటారును భుజానికి తగిలించుకునే పట్టీ కావాలి. అక్కడ మొదలైంది టైలరమ్మకు పీడ.

గిటారుది తేనె రంగు. చొక్కా ముదురు నీలం, ఆమె కుట్టిందే. నల్ల పట్టీ కుట్టిపెడితే చొక్కాలో కలిసిపోయిందన్నాడు. గోధుమ రంగుది కుడితే గిటారుకు తోక మొలిచినట్టుందన్నాడు. ఎర్రది చూసి ఒక పూటంతా మురిసి, "అందరూ పట్టీనే చూస్తారేమో అక్కా" అని నసిగాడు. పోనీ చొక్కా మారుద్దామా అంటాడు. అవతల కుట్టాల్సిన బట్టలు గుట్టపడి ఉంటే, వారమంతా అద్దం ముందు ఈ తతంగమే. ఆమె ప్రాణం విసిగిపోయింది.

శనివారం పొద్దున బూడిద రంగు గుడ్డముక్క పట్టుకుని మళ్లీ తయారయ్యాడు.

"దీంతో ఒకటి కుట్టవూ?"

ఆమె మిషన్ ఆపింది. "ఒరేయ్, వారం నుంచి నా బుర్ర తింటున్నావు. వీటిలో ఏదో ఒకటి తగిలించుకుని, నిలబడి ఒక్క పాటైనా వాయించావా?"

బుజ్జిగాడు నేలచూపులు చూశాడు. "రంగు కుదిరాక మొదలెడదామని..."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. చేతికందిన పట్టీని గిటారుకు తగిలించి, అతని భుజాన వేసి వాయించమంది. గిటారు తొడల దాకా జారింది. కూర్చుంటే కళ్లు మూసుకుని పట్టే తీగలు, నిలబడేసరికి వేళ్లకు అందలేదు. అతని ముఖం పాలిపోయింది. వీడు భయంతో చస్తూ రంగుల వెనక దాక్కున్నాడని ఆమెకు అప్పుడు అర్థమైంది. జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

ఏది వేసుకుంటాడో వాడికే తెలియదు గనక, పట్టీలన్నీ మడిచి పొట్టిగా కుట్టేసింది. సాయంత్రం దాకా నిలబెట్టి అవే పాటలు మళ్లీ మళ్లీ వాయించమంది. కూర్చోబోతే కుర్చీ లాగేసింది. బట్టలిచ్చినవాళ్ల తిట్లు రేపు తిందాంలే అనుకుంది.

తీరా వేదిక మెట్ల దగ్గర "నల్లదా, ఎర్రదా?" అని మొదలెట్టాడు. ఆమె సంచిలో చెయ్యి పెట్టి, అందినది తగిలించి, అతన్ని ముందుకు తోసింది.

మొదటి పాటలో తడబడ్డాడు. ఆమె పళ్లు బిగబట్టి నిలబడింది. రెండో పాట సగంలో వేళ్లు దారిలో పడ్డాయి. ఇక ఆగలేదు. అంతా అయ్యాక యజమాని అతని భుజం తట్టి, "వచ్చేవారం కూడా ఇక్కడే నిలబడు" అన్నాడు.

గిటారు పెట్టెలో సర్దేసి, చెమటలు కక్కుతూ బుజ్జిగాడు అక్క దగ్గరికి వచ్చాడు.

"ఇంతకీ నప్పిందా అక్కా, పట్టీ?"

ఎంత ఆలోచించినా అది ఏ రంగుదో ఆమెకు గుర్తు రాలేదు. వాయించినంతసేపూ ఆమె చూసింది అతని వేళ్లనే.

"నోర్మూసుకుని ఇంటికి పదరా" అంది. గిటారు పెట్టె మాత్రం తనే ఎత్తుకుంది.