యాదమ్మ చక్రం వదల్లేదు

2019. శంషాబాద్ విమానాశ్రయంలో వీల్‌చెయిర్లు నెట్టే పనిలో చేరి అప్పటికే కొన్నేళ్లు. మాది షాద్‌నగర్ పక్క పల్లె. నడవలేని ప్రయాణికులను లోపలి గేటు దాకా తీసుకెళ్లి విమానం ఎక్కిస్తాం. మధ్యలో వేరే పిలుపు వస్తే ఆ మనిషిని ఇంకో ఉద్యోగికి వదిలిపోతాం. దాన్నే హ్యాండోవర్ అంటాం. వైర్‌లెస్ సెట్‌లో ఒక మాట చెబితే అయిపోయినట్టే లెక్క.

ఆ మధ్యాహ్నం మర్రిగూడ నుంచి యాదమ్మ అనే ముసలామె వచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు బిగుసుకుపోయాయి. ముంబైలో ఉన్న కూతురికి ఆ సాయంత్రమే గుండె ఆపరేషన్. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లకముందే బిడ్డ మొహం చూడాలని ఆమె ఆరాటం. టికెట్ లేని కొడుకు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"అమ్మా, గీ అక్క నిన్ను ఇమానం ఎక్కిస్తది. ఇంకెవలు పిలిచినా పోకు."

"నేనెందుకు పోత బిడ్డా!"

తనిఖీలు అయ్యాక గేటు దగ్గరికి తెచ్చానో లేదో, పక్క గేటులో ఒక పెద్దాయన కళ్లు తిరిగి పడ్డాడని పిలుపు వచ్చింది.

"అవ్వా, సునీత అని ఒకామె వస్తది. నిన్ను ఎక్కిస్తది. ఫికర్ చెయ్యకు" అన్నాను. ఊఁ అంది. సెట్‌లో సునీతకు ఒక మాట చెప్పి నేను పరుగు తీశాను.

కాసేపటికి సెట్‌లో సునీత గొంతు. "అక్కా, గీమె రానంటాంది! చక్రం పట్టుకొని వదుల్తలేదు. గేటు మూసేస్తరట!"

ఆ విమానం తప్పితే ఆపరేషన్ లోపు ఇంకొకటి లేదు. పెద్దాయనను వదిలి కదలడానికీ లేదు. ఆయన తలకింద చెయ్యి పెట్టుకుని, డాక్టర్ వచ్చే దారివైపే చూస్తూ కూర్చున్నాను.

డాక్టర్ రాగానే ఉరికాను. గేటు దగ్గర ప్రయాణికులెవరూ లేరు. పక్కన సునీత నిలబడి ఉంటే, యాదమ్మ రెండు చేతులతో చక్రాన్ని పట్టుకుని ఏడుస్తోంది.

"సునీత వస్తదని చెప్పిన గదా అవ్వా!"

"చెప్పినవ్. ఆమెనే సునీత అని నాకేమెరుక? నా కొడుకు నన్ను నీకు అప్పజెప్పిండు. నువ్వు నన్ను ఎవలికి అప్పజెప్పినవ్?"

గేటు వాళ్లను బతిమాలి, కుర్చీని నేనే నెట్టుకుపోయాను. సీట్లో కూర్చోబెట్టి, ఆమె చేతిని ఎయిర్‌హోస్టెస్ చేతిలో పెట్టాను. "అవ్వా, ఇప్పటిసంది గీమె చూసుకుంటది." యాదమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసి, అప్పుడు వదిలింది నా చేయి.

కూతురిని సమయానికి చూసిందో లేదో నాకు తెలియదు. మా పనిలో మనుషులు మాకు విమానం దాకే. ఆ సంగతి ఇప్పటికీ మనసులో పీకుతూనే ఉంటుంది.

అప్పట్నుంచి సెట్‌లో చెప్పి ఎవరినీ వదల్లేదు. చేతిలో చెయ్యి పెట్టి, పేరు చెప్పి అప్పజెబుతాను. "అప్పగింతలు అయినయా అక్కా?" అని మావాళ్లు ఆటపట్టిస్తారు. పట్టించనీ. అవతలి మనిషి అందుకున్నాడని కుర్చీలో ఉన్నవాళ్లకు తెలిసేదాకా నేను అక్కడి నుంచి కదలను.