రేకుల మీద వాన, సీలింగులో కాలు

మా హాలు సీలింగు మీద ఆ కొత్త అతుకేమిటని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు. "లీకయిందండీ" అంటోంది మా కోడలు మాధవి, నా పరువు కాపాడుదామని. లీకూ లేదు, గీకూ లేదు. నేను దగ్గరుండి వేయించిన కప్పు లీకవుతుందా? అది నా కాలు దిగిన చోటు. చెబుతా, టీ ఒలకబోసుకోకుండా వినండి.

ఈ మంచు దేశంలో మా బ్రాంప్టన్ ఇల్లు మేడ లేని ఇల్లు. పాత కప్పుకి షింగిల్స్ అని నల్ల తారు పెంకులు ఉండేవి. ఎండలో మర్చిపోయిన అప్పడాల్లా అంచులు లేచిపోయాయి. చలికాలంలో ఇంట్లో వేడికి కప్పు మీద మంచు కరిగేది. ఆ నీళ్లు చూరు దాకా వచ్చి మళ్లీ గడ్డకట్టేవి. ఆ గడ్డ అడ్డంపడి, వెనకాల నీళ్లు షింగిల్స్ కిందకి దూరి, మా దేవుడి మూలలో టప్ టప్! మా అబ్బాయి సుధాకర్ మంచు పడ్డప్పుడల్లా పొడుగు కర్ర పారతో కిందనుంచి లాగేవాడు. సగం లాగి వదిలేసేవాడు. నేను కిటికీలోంచి "ఆ మూల నీ బాబు లాగుతాడా?" అనేదాన్ని.

చివరికి కప్పు మార్చాల్సిందే అన్నారు. వాడు మళ్లీ షింగిల్సే అన్నాడు. నేను రేకులన్నాను.

"రేకులెందుకమ్మా?"

"మంచు నిలవదు, జారిపోతుంది."

అది పైకి చెప్పిన మాట. అసలు సంగతి వాన. తునిలో నేను కాపురానికి వెళ్లింది రేకుల ఇంటికి. వాన పడితే ఆ మోతలో మా అత్తగారి తిట్లు వినపడేవి కావు. ఆవిడ నోరు కదిలేది, చేతులు తిరిగేవి, మాట మాత్రం సున్నా! అంత సుఖం నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు. ఈ దేశంలో వాన పడుతోందో లేదో కిటికీ దగ్గరికెళ్లి చూసుకోవాలి. అదీ ఒక వానేనా?

అప్పుడే నోరు పెట్టింది మా వియ్యపురాలు కస్తూరి. ఉండేది నార్త్ యార్క్‌లో. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయింది. పిల్లల పెళ్లిలో నాకు రెండో వరసలో కుర్చీ వేయించిన మనిషి. నేను మర్చిపోలేదు. మర్చిపోను.

"వదినగారూ, ఇక్కడ రేకు కింద చెక్క వేస్తారండీ, అటకలో ఇంత మందాన చలి ఆపే దూది పరుస్తారు. శబ్దం కిందకి రాదు."

"మీకు పుస్తకాల్లో వాన తెలుసు, నాకు రేకుల మీద వాన తెలుసు," అన్నాను.

రేకులే వేయించాను. పనివాళ్ల ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, వరస వంకరపోయిన చోటల్లా వేలు చూపించి విప్పించాను. చలికాలం బ్రహ్మాండంగా గడిచింది. పెనం మీంచి దోసె జారినట్టు జారింది మంచు! దేవుడి మూల పొడిగా ఉంది. ఇక ఏప్రిల్లో మొదటి వాన. మంచం మీద పడుకుని చెవులు రిక్కించాను. ఫ్రిజ్ మోత తప్ప ఏమీ లేదు.

ఒప్పుకుంటానా? కస్తూరి ఫోన్ చేస్తే, "అబ్బో, ఆ మోతకి నిద్రే లేదండీ," అన్నాను.

పోయిన ఆదివారం ఆవిడ మా ఇంటికొచ్చింది. సరిగ్గా కాఫీల టైముకి బయట కుండపోత. ఆవిడ కాఫీ కప్పు చేత్తో పట్టుకుని పైకి చూసింది.

"ఏదండీ వదినగారూ, మోత?"

"హాల్లో రాదు. నా గదిలో వస్తుంది."

"అయితే పదండి, విందాం!" లేచి నుంచుంది.

"ఉండండి, గది సర్దాలి," అని లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసేశాను. అటక మూత నా అల్మారా లోపలే ఉంది. తడి ఏమైనా ఉందేమో చూడ్డానికి సుధాకర్ తెచ్చిన నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. నా మంచానికి సరిగ్గా పైన అటకలో ఉన్న దూది కాస్త జరిపేస్తే మోత దిగుతుంది కదా! చీర దోపుకుని ఎక్కాను.

తల లోపల పెట్టానో లేదో, అమ్మ బాబోయ్! అదే మోత. అచ్చం తుని. కాలిన రేకు మీద మొదటి చినుకుల వాసన, చూరు కింద వరసగా పెట్టిన బిందెలు, అన్నీ కళ్లముందుకొచ్చాయి. దేనికి ఎక్కానో మర్చిపోయాను. మోత ఎక్కువున్న వైపు నడిచాను. "చెక్కల మీదే కాలు పెట్టాలి, మధ్యలో ఉన్నది వట్టి అట్ట" అని సుధాకర్ చెప్పాడు. కానీ ఆ దూది పరుపులా ఎంత మెత్తగా ఉందో! వేశాను కాలు.

ఫట్! ఎడమ కాలు తొడ దాకా హాల్లోకి దిగిపోయింది.

"డాడ్! దేరీజ్ ఎ లెగ్!" అని మా మనవరాలి కేక. మట్టెలు చూసి మా ఆయన, "మీ నాయనమ్మదే," అన్నారట తాపీగా.

కస్తూరిది క్లాసులో చివరి బెంచీకి వినపడే గొంతు. "వదినగారూ! వాన వినపడుతోందా?"

"వినపడుతోంది! మీరు కాస్త ఊరుకుంటే!"

నిజంగానే ఊరుకుంది. ఆ కన్నంలోంచి మోత హాల్లోకి దిగిందట. ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టేసి, "మా అమ్మమ్మగారింట్లోనూ రేకులే," అందట. ఆ మాట ముందే చెప్పొచ్చుగా!

సుధాకర్ పైకెక్కి నన్ను లాగుతుంటే, కింద మా ఆయన కుర్చీ ఎక్కి నా పాదం పట్టుకున్నారు. పట్టుకుని ఏదో అన్నారు. వాన మోతలో ఒక్క ముక్క వినపడలేదు. తునిలోనూ అంతే. వానలో పక్కన కూర్చుని ఏదో అనేవారు. వాళ్లమ్మ ముందు అనలేని మాటలనుకుని, సిగ్గుపడుతూ తలూపేదాన్ని. ఇప్పుడూ అలాగే ఊపాను.

కిందకి దిగాక అడిగాను, "ఇందాక ఏమన్నారు?" అని.

"నా కాఫీలో సీలింగు పొడి పడింది. ఇంకో కప్పు ఇస్తావా అన్నాను."

అంటే, ఇన్నేళ్లూ నేను సిగ్గుపడిందంతా కాఫీకేనా!