ఎవరూ నీళ్లు పోయని చెట్లు

మా వీధి చివర ఈ సాయంత్రం బోరు వేశారు. ఇల్లంతా సద్దుమణిగినా తడిసిన రాతిపొడి వాసన ఇంకా కిటికీలోంచి వస్తూనే ఉంది. ఆ వాసనకు ఖాదర్ సార్ గుర్తుకొచ్చారు. పెళ్లికి ముందు, డిగ్రీ అయిన కొత్తలో, ప్రొద్దుటూరులో భూగర్భజలాల ఆఫీసులో ఆయన దగ్గర మ్యాపులు గీసేదాన్ని. ఏ ఊరికి తాగునీటి బోరు ఎక్కడ వేయాలో చెప్పడం ఆయన పని. ఆ వేసవిలోనే ఉపగ్రహం తీసిన బొమ్మ మొదటిసారి మా బల్ల మీదికి వచ్చింది. పులివెందుల, వేముల వైపు పల్లెలన్నీ ఒక్క కాగితంలో ఇమిడిపోయాయి. అక్కడక్కడా ఎర్రటి మరకలు. "పాపం, ఈడంతా మాడిపోయినట్టుంది సార్" అన్నాను. ఆయన పకపకా నవ్వారు. "అది పచ్చదనమమ్మా! ఈ బొమ్మలో ఆకు ఎర్రగా పడతాది. ఎండాకాలంలో గూడా ఎర్రగుండాదంటే దాని వేరుకు యాడో నీళ్లు అందుతాండాయి."

ఆ బొమ్మ పట్టుకుని వేముల దగ్గర ఒక పల్లెకు వెళ్లాం. అక్కడ అంతకుముందు వేసిన బోర్లు ఎండిపోయాయి. ఇంకొక్కటే మంజూరైంది. అదీ పోతే ఆడవాళ్లు వంక దాటి పక్క ఊరికి బిందెలతో నడవడం తప్పదు. ఓబుళమ్మ అనే ముసలామె ఖాళీ బిందె చంకన పెట్టుకుని మా వెంటపడింది. "ఏందప్పా సారూ, ఆకాశంలోనుంచి మా నీళ్లు కనపడతాండాయా? బాయిలోకి తొంగిచూసినా మాకు కనపడ్డంలేదే!"

"నీళ్లు కనపడవవ్వా. నీళ్లు తాగే చెట్లు కనపడతాయి."

"అట్లయితే మా మొగోళ్లు తాగేది గూడా రవంత చూసి చెప్పు!"

బొమ్మలో అన్నిటికంటే చిక్కటి ఎరుపు ఒక చీనీతోట మీద, అంటే బత్తాయి తోట మీద ఉంది. బోరు అక్కడే అని నేను నిశ్చయించేసుకున్నాను. తీరా వెళ్తే ఆకులు వాడి వేలాడుతున్నాయి. "ఈ తోటకు నీళ్లు యాడివవ్వా?" అని సార్ అడిగారు. "ఆ బాయివే. ఈ యేడు అదీ ఎండె" అందామె. సార్ బొమ్మను మడిచారు. "ఇది పోయినేడు ఎండాకాలంలో తీసింది. అప్పుడు బాయిలో నీళ్లుండాయి. ఈ ఎరుపు మనుషులు పోసినేది. ఎవురూ పోయని చెట్లు యాడుండాయో చూద్దాం పాండి."

ఆ తోటకు పైన, రాళ్ల మధ్య, సన్నటి ఎర్ర గీత ఒకటి ఉంది. వెళ్లి చూస్తే కంపచెట్లు, వరుసగా, నిండు పచ్చగా. "ఆ కంపల్లోకా? మేకలు గూడా పోవు!" అంది ఓబుళమ్మ. సార్ అప్పటికే ముళ్లు తప్పించుకుంటూ లోపలికి నడుస్తున్నారు.

మర్నాడు బోరుబండి వచ్చింది. చాలాసేపు తెల్లటి పొడి తప్ప ఏమీ లేదు. ఊరంతా మా మొహాలే చూస్తోంది. "పడకపోతే ఎట్ల సార్?" అన్నాను మెల్లగా. "నాకూ భయమైతాంది. అయినా చూడాల్సినేది దగ్గరికి పోయి చూసినాం గదమ్మా" అన్నారు. కాసేపటికి పొడి నల్లబడింది, ముద్దయింది, ఆపైన నీళ్లు ఎగజిమ్మాయి. ఓబుళమ్మ తొలి బిందె సార్ నెత్తిన కుమ్మరించింది. ఆయన తడిబట్టలతోనే బండమీద కూలబడి, ఊపిరి వదిలి, చిన్నపిల్లాడిలా నవ్వారు.

ఇప్పుడు నాకు చంటిపాప. కాస్త దగ్గితే చాలు, నా మనసు పక్క గదిలోంచే ఎన్నెన్నో ఊహించేస్తుంది. అప్పుడు లేచి దగ్గరికి వెళ్తాను. నుదుటి మీద చెయ్యి వేస్తాను, ఊపిరి వింటాను, పాలు ఎప్పుడు తాగిందో గుర్తు చేసుకుంటాను. ఇది రాస్తూ మధ్యలో కూడా ఒకసారి లేచాను. ఒళ్లు చల్లగానే ఉంది. కాసేపు పిడికిట్లో నా వేలు పట్టుకుని, మళ్లీ నిద్రలోకి జారుకుంది.